అప్పు తీర్చితిరి, చెల్లు వేయించితిరా?

(రుణ నివేదికలోని తప్పులను సవరించుకొను పద్ధతి)

ఒక వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (వ్యవసాయము)

పూర్వము పల్లెలో రైతు షావుకారు వద్ద నోటు వ్రాసి అప్పు తెచ్చుకొన్నచో, ఆ అప్పు తీర్చిన దినమున రెండు పనులు చేసెడివాడు. ఒకటి, సొమ్ము లెక్కబెట్టి ఇచ్చుట. రెండవది, నోటు వెనుక చెల్లు వేయించుకొనుట, లేదా నోటును తిరిగి పుచ్చుకొని అక్కడికక్కడే చింపివేయుట. సొమ్మిచ్చి నోటు తెచ్చుకొనని వానిని పెద్దలు తెలివి తక్కువవాడనెడివారు. ఏలననగా చెల్లు లేని నోటు గడువులోపల ఎప్పుడైనను కోర్టు కెక్కవచ్చును.

నేడు మన అప్పులలో చాల భాగము బ్యాంకులలోను, సహకార సంఘములలోను ఉన్నవి. ఆ అప్పుల లెక్క బ్యాంకు పుస్తకములలోనే గాక, మనము ఎన్నడును చూడని మరొక చోట కూడ వ్రాయబడుచున్నది. బ్యాంకులో బాకీ కట్టి, రశీదు జేబులో పెట్టుకొని ఇంటికి వచ్చు రైతు, ఆ రెండవ చోట చెల్లు పడినదో లేదో చూచుకొనుట లేదు. దాని ఫలితము మరల అప్పు అవసరమైన నాడు గాని తెలియుట లేదు.

ఒక మెట్ట రైతు అనుభవము

ఉదయగిరి ప్రాంతపు రైతు ఒకరు ఆషాఢమాసములో నా వద్దకు వచ్చిరి. ఆయనకు నాలుగు ఎకరముల మెట్ట కలదు. కంది, నువ్వు పండించును. తొలకరి పడినది, కంది విత్తవలెను. పంట రుణమునకు వెళ్ళగా లేదనిరట.

"సార్, నేను ఆ బ్యాంకుకు రూపాయి బాకీ లేను. రశీదులన్నీ ఇంట్లో పెట్టెలో ఉండాయి. అయినా సిబిలు బాగాలేదని పంపించేశారు. ఆ సిబిలు ఎవరో, ఆయన్ను నేనెప్పుడూ చూడలేదే!" అని ఆయన వాపోయెను.

"నివేదిక తెప్పించి చూతము పెద్దాయనా, ఆ తరువాత మాటాడుకొందము" అంటిని. తెప్పించి చూడగా అందులో మూడు దోషములు కనబడినవి. మొదటిది, ఆయన పూర్తిగా కట్టి మూసివేసిన పాత పంట రుణము ఇంకను బాకీ ఉన్నట్లు చూపబడినది. రెండవది, ఆయన ఎన్నడును తీసికొనని ట్రాక్టరు రుణమొకటి ఆయన పేర ఉన్నది. మూడవది, వర్షము లేని ఒక సంవత్సరమున ఆయన కొన్ని నెలలు ఆలస్యముగా కట్టినట్లు ఉన్నది. మొదటి రెండు తప్పులు. మూడవది నిజము. ఈ తేడాయే ఈ వ్యాసమునకు మూలము. ఆయన సంగతి చివర చెప్పెదను.

రుణ నివేదిక అనగా నేమి?

సిబిలు ఒక మనిషి కాదు. అది 2000 సంవత్సరములో స్థాపింపబడిన ఒక సంస్థ. మన దేశములో ఇట్టి రుణ సమాచార సంస్థలు నాలుగు కలవు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఇవి 2005 సంవత్సరపు రుణ సమాచార సంస్థల చట్టము ననుసరించి, రిజర్వు బ్యాంకు అదుపులో పనిచేయుచున్నవి.

బ్యాంకులు తమ వద్ద అప్పు తీసికొన్న ప్రతివాని వివరములను ఈ సంస్థలకు పంపును. ఎంత అప్పు, ఎప్పుడు ఇచ్చిరి, ఎంత మిగిలినది, గడువు దాటి ఎన్ని దినములైనది అను సంగతులు అందుండును. 2025 జనవరి 1వ తేదీ నుండి కనీసము పక్షమున కొకసారి ఈ వివరములు పంపవలెనని నియమము వచ్చినది. వీటిని బట్టి సంస్థ 300 మొదలు 900 వరకు ఒక అంకె కట్టును. దీనినే స్కోరు అందురు. అంకె ఎక్కువైన కొలది అప్పు పుట్టుట సులభము.

గమనింపవలసిన ముఖ్య విషయ మేమనగా, సంస్థ తనంతట తాను ఏమియు వ్రాయదు. బ్యాంకు పంపినది వ్రాయును. కనుక తప్పు దిద్దవలెనన్నను బ్యాంకు ఒప్పుకొని తిరిగి పంపవలెను. దరఖాస్తు సంస్థకు పెట్టినను, బ్యాంకు శాఖను మరచిపోరాదు.

దీనివలన కలుగు నష్టము ఎంత?

కిసాన్ క్రెడిట్ కార్డుపై 3 లక్షల రూపాయల వరకు పంట రుణమునకు వడ్డీ నూటికి ఏడాదికి 7 రూపాయలు. గడువులో కట్టినవారికి మరి 3 రూపాయలు తగ్గి 4 రూపాయలే పడును. వెలుపల నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో ఏడాదికి 24 రూపాయలగును.

పై రైతు విత్తనము, ఎరువు, కూలి నిమిత్తము 50,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి ఎనిమిది నెలలకు తెచ్చెననుకొందము. వడ్డీ 8,000 రూపాయలు. అదే సొమ్ము బ్యాంకులో 4 రూపాయల వడ్డీకి దొరికినచో 1,333 రూపాయలు. తేడా 6,667 రూపాయలు. ఎవరో చేసిన వ్రాతపొరపాటుకు రైతు కట్టిన జరిమానా ఇది.

తప్పులు ఎట్లు దొర్లును?

1. పేరు పోలిక: మన ప్రాంతమున పెంచలకోన స్వామి పేరు పెట్టుకొన్న పెంచలయ్యలు, మాలకొండ స్వామి పేరు పెట్టుకొన్న మాలకొండయ్యలు ఊరికి ఎందరో కలరు. ఇంటిపేరు కూడ ఒకటే అయినచో, ఒకరి అప్పు మరొకరి పద్దులో పడు ప్రమాదము కలదు. పుట్టిన తేదీ తెలియనివారికి ఆధార్‌లో జనవరి 1వ తేదీ వేయుట కద్దు. అప్పుడు పేరుతోపాటు తేదీ కూడ కలిసిపోవచ్చును. ఆధార్‌లో ఒక తీరు, పట్టాదారు పాసు పుస్తకములో మరొక తీరు, పాన్ కార్డులో ఇంకొక తీరు పేరు వ్రాసియున్న వారికి ఈ చిక్కు అధికము.

2. బ్యాంకుల విలీనము: నెల్లూరి జిల్లాలో పనిచేసిన పినాకిని గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో కలిసినది. అది 2025 మే 1వ తేదీ నుండి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో భాగమైనది. 2020 ఏప్రిల్ 1న సిండికేటు బ్యాంకు కెనరా బ్యాంకులోను, ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులోను కలిసినవి. కావున నివేదికలో తెలియని బ్యాంకు పేరు కనబడినంత మాత్రమున కంగారు పడవలదు. అది మీ పాత బ్యాంకే కావచ్చును. అయితే ఒకే అప్పు పాత పేరున ఒకసారి, కొత్త పేరున మరొకసారి ఉన్నదేమో మాత్రము తప్పక చూడవలెను.

3. రుణమాఫీ ఖాతాలు: 2008లో కేంద్ర ప్రభుత్వము రుణమాఫీ అమలు జరిపినది. దానిపై కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదిక 2013లో పార్లమెంటు ముందుకు వచ్చినది. తనిఖీ చేసిన ఖాతాలలో దాదాపు మూడవ వంతు ఖాతాలకు, మాఫీ పత్రము రైతు చేతికి ఇచ్చినట్లు ఆధారమే లేదని అందు తేలినది. చెల్లు కాగితము చేతికి రాలేదన్న మాట. తరువాత 2014లో మన రాష్ట్ర ప్రభుత్వము కుటుంబమునకు లక్షన్నర రూపాయల వరకు మాఫీ ప్రకటించి, పెద్ద మొత్తములను వాయిదాలలో చెల్లింప నిర్ణయించినది. వాయిదాలన్నియు అందకమునుపే 2019లో ఆ పథకము నిలిచినది. "మాఫీ అయినది గదా" అని నిశ్చింతగా ఉన్న రైతు ఖాతాలో మిగులు, దానిపై వడ్డీ నిలిచియుండవచ్చును. మాఫీ సొమ్ము జమ పడుట వేరు, ఖాతా మూతపడుట వేరు. ఈ రెండును బ్యాంకులో విడివిడిగా అడిగి తెలిసికొనవలెను.

4. జమ పడని సొమ్ము: కలిగిరి, డి.సి.పల్లి వేలము కేంద్రములలో పొగాకు అమ్ము రైతుల సొమ్ములో నుండి బ్యాంకు బాకీ మినహాయించుట కలదు. మినహాయించిన సొమ్ము సరియైన ఖాతాలో, సరియైన తేదీన జమ అయినదా అని పాసు పుస్తకములో సరిచూచుకొనవలెను.

5. జామీను, సంఘపు అప్పులు: బావమరిదికో, ఇరుగుపొరుగు రైతుకో జామీను సంతకము చేసినచో ఆ అప్పు మీ నివేదికలో కూడ కనబడును. ఇది తప్పు కాదు, నియమమే. స్వయం సహాయక సంఘములలో సభ్యురాలి వారీగా వివరములు పంపవలెనని రిజర్వు బ్యాంకు 2016లో ఆదేశించినది. కనుక ఇంటి ఇల్లాలి నివేదిక కూడ చూచుట మంచిది.

నివేదిక తెప్పించుకొనుట

పై నాలుగు సంస్థలలో ప్రతిదాని నుండి ఏడాదికొకసారి పూర్తి నివేదికను ఉచితముగా పొందు హక్కు ప్రతివానికి కలదు. 2017 నుండి ఈ నియమము అమలులో ఉన్నది. సంస్థ వెబ్‌సైటులో పేరు, పుట్టిన తేదీ, గుర్తింపు కార్డు సంఖ్య, ఫోను నంబరు ఇచ్చినచో, ఫోనుకు వచ్చు ఓటిపి ద్వారా నివేదిక దొరకును. చదువుకొన్న కుమారుడో, కుమార్తెయో ఇంట ఉన్నచో పావుగంట పని. లేనిచో గ్రామ సచివాలయములోని డిజిటల్ సహాయకుని కోరవచ్చును.

వెబ్‌సైటులో డబ్బు కట్టి తీసికొను నివేదికలు కూడ ఉండును. వాటి జోలికి పోవలదు. ఉచిత నివేదికకు సొమ్ము అడుగరు. ఓటిపిని మీ ఎదుటనే వాడవలెను గాని, ఫోనులో అడిగినవారికి చెప్పరాదు. ఒక సంస్థ నివేదికలో లేని తప్పు మరొక దానిలో ఉండవచ్చును గనుక నాలుగింటిని చూచుట ఉత్తమము.

నివేదికను చదువు విధము

నివేదిక ఇంగ్లీషులో ఉండును. అయినను చూడవలసినవి కొద్దియే.

మొదట మీ పేరు, పుట్టిన తేదీ, పాన్, ఓటరు కార్డు సంఖ్యలు, చిరునామా, ఫోను నంబరు సరిగా ఉన్నవా చూడుడు. తరువాత ఒక్కొక్క అప్పు కింద బ్యాంకు పేరు, అప్పు తేదీ, మొత్తము, మిగులు, గడువు దాటిన బాకీ ఉండును. ఇంట ఉన్న అప్పు పాసు పుస్తకములను ప్రక్కన పెట్టుకొని ఒక్కొక్కటి సరిచూడవలెను. మీది కాని అప్పు ఉన్నచో గుర్తు పెట్టుకొనుడు.

ప్రతి అప్పు కింద నెల వారీగా చిన్న గడులు ఉండును. అందులోని అంకె, ఆ నెలలో గడువు దాటి ఎన్ని దినములైనదో తెలుపును. మూడు సున్నలున్నచో ఆలస్యము లేదని అర్థము. మూడు 'ఎక్స్' అక్షరములున్నచో ఆ నెల బ్యాంకు వివరము పంపలేదని అర్థము; అది మీ తప్పు కాదు.

ఖాతా స్థితిని తెలుపు మాటలు ముఖ్యమైనవి. 'క్లోజ్డ్' అనగా బాకీ పూర్తిగా తీరి ఖాతా మూసినది. 'సెటిల్డ్' అనగా బ్యాంకు కొంత వదలుకొని, రాజీ మొత్తము తీసికొన్నది. 'రిటెన్ ఆఫ్' అనగా బ్యాంకు రాని బాకీగా తన లెక్కలలో వ్రాసికొన్నది. చివరి రెండు మాటలను కొత్త అప్పు ఇచ్చు బ్యాంకు మంచి గుర్తులుగా చూడదు. కరవు, తుఫాను వలన ప్రభుత్వ ప్రకటనను అనుసరించి వాయిదాలు మార్చిన అప్పులకు 'ప్రకృతి వైపరీత్యము వలన పునర్వ్యవస్థీకరింపబడినది' అని వేరు గుర్తు కలదు. మీ అప్పును అట్లు మార్చియుండగా నివేదికలో ఊరక ఎగవేతగా చూపినచో, అది సవరింపదగిన తప్పు.

తప్పు వేరు, నిజమైన బాకీ వేరు

ఇక్కడ రైతులు మోసపోవు అవకాశము ఎక్కువ గనుక స్పష్టముగా చెప్పవలసియున్నది. తప్పుగా వ్రాసినదానిని దిద్దించు హక్కు మీకు కలదు. నిజముగా జరిగిన ఆలస్యమును తుడిపించు హక్కు ఎవరికిని లేదు. రుణ సమాచారమును కనీసము 7 సంవత్సరములు భద్రపరుపవలెనని సంస్థలకు నియమము కలదు.

"మీ సిబిలు బాగుచేయింతుము, ఐదువేలు ఇండు" అని చెప్పువారు అక్కడక్కడ బయలుదేరినారు. తప్పు ఉన్నచో మీరే ఖర్చు లేకుండ దిద్దించుకొనవచ్చును. తప్పు లేనిచో వారు దిద్దించలేరు. రెండు విధముల ఆ సొమ్ము దండుగయే. పైగా మీ ఆధార్, పాన్, ఓటిపి వారి చేతికి పోవును.

సవరణకు దరఖాస్తు

మొదట ఆధారములు సేకరింపుడు. పాసు పుస్తకము, రశీదులు, బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన ధ్రువపత్రము, రాజీ జరిగియున్నచో ఆ ఉత్తరము, ఆధార్, పాన్ నకళ్లు చాలును. బాకీ లేదను ధ్రువపత్రము లేనిచో శాఖలో అడిగి తీసికొనవలెను. పేరు పోలిక వలన వచ్చిన తప్పు అయినచో పట్టాదారు పాసు పుస్తకము నకలు, తండ్రి పేరు తెలుపు పత్రము జతపరుచుట మేలు. అసలు కాగితములు ఎవరికిని ఇయ్యవలదు.

తరువాత రెండు చోట్ల దరఖాస్తు పెట్టవలెను. ఒకటి, సంస్థ వెబ్‌సైటులో వివాదము నమోదు చేయుట. అందులకు నివేదికపై ఉన్న సంఖ్య కావలెను. రెండవది, బ్యాంకు శాఖకు వ్రాతపూర్వకముగా ఇచ్చి, రెండవ ప్రతిపై తేదీ, ముద్ర వేయించుకొనుట. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదుకు గడువు ఉండదు. ఈ క్రింది నమూనాను వాడుకొనవచ్చును.

శాఖా మేనేజరు గారికి,
............ బ్యాంకు, ............ శాఖ.
అయ్యా,
నేను ............ గ్రామము, ............ మండలము నివాసిని. మీ శాఖలో నా రుణ ఖాతా సంఖ్య ............. ఈ అప్పును ............ తేదీన రూ. ............ చెల్లించి పూర్తిగా తీర్చితిని. అయినను ............ సంస్థవారి ............ తేదీ నివేదికలో (సంఖ్య ............) ఈ ఖాతా రూ. ............ బాకీ ఉన్నట్లు చూపబడినది. ఇది తప్పు. దీనిని సవరించి నాలుగు రుణ సమాచార సంస్థలకును సరియైన వివరములు పంపవలెనని, సవరింపని పక్షమున కారణమును వ్రాతపూర్వకముగా తెలుపవలెనని కోరుచున్నాను. రశీదు, పాసు పుస్తకము, నివేదిక నకళ్లు జతపరచితిని.
తేదీ ............ సంతకము ............ ఫోను ............

అప్పు మీది కానిచో "ఈ రుణము నేను తీసికొనలేదు, దరఖాస్తుపై గల సంతకము, ఫొటో, ఆధార్ సంఖ్యలను నా వాటితో సరిపోల్చి చూడ ప్రార్థన" అని వ్రాయవలెను. అప్పు ఉన్న శాఖ మీ ఊరికి దూరమైనచో రిజిస్టరు పోస్టులో పంపి రశీదు దాచుకొనుడు. సహకార సంఘపు అప్పు అయినచో సంఘ కార్యదర్శికి ఇచ్చి, ఒక ప్రతిని జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు పంపుట మంచిది.

గడువు, పరిహారము

ఫిర్యాదు అందిన 30 దినములలో పరిష్కారము కావలెను. అందులో సవరించిన వివరములు పంపుటకు బ్యాంకుకు 21 దినములు గడువు. మిగిలిన దినములు సంస్థకు. 30 దినములు దాటినచో దాటిన ప్రతి దినమునకు 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారునికి పరిహారము ఇయ్యవలెనని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు 26న ఆదేశించినది. ఇది 2024 ఏప్రిల్ 26 నుండి అమలులోనికి వచ్చినది. ఆలస్యము బ్యాంకు వలన అయినచో బ్యాంకు, సంస్థ వలన అయినచో సంస్థ చెల్లించును. సవరణను నిరాకరించినచో కారణము చెప్పవలెనని కూడ నియమము కలదు.

30 దినములు గడచినను జవాబు రానిచో, లేదా వచ్చిన జవాబు సరిగా లేనిచో, ఆలస్యము చేయక రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చును. రుణ సమాచార సంస్థలు కూడ 2022 సెప్టెంబరు 1 నుండి ఈ పథకము క్రిందకు వచ్చినవి. రుసుము లేదు, వకీలు అవసరము లేదు. వివరములకు 14448 నంబరుకు ఫోను చేయవచ్చును. ఉత్తరము వ్రాయువారు "కేంద్రీకృత స్వీకరణ, పరిశీలన కేంద్రము, భారతీయ రిజర్వు బ్యాంకు, 4వ అంతస్తు, సెక్టారు 17, చండీగఢ్ 160017" అను చిరునామాకు పంపవచ్చును. బ్యాంకుకు ఇచ్చిన దరఖాస్తు నకలు, ముద్ర వేసిన ప్రతి జతపరచనిదే ఫిర్యాదు నిలువదు. అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. అడిగినట్లు ఆధారము కూడ ఉండవలెను.

నిజముగా బాకీ పడినవారు చేయవలసినది

వర్షాధారపు సేద్యములో ఒక ఏడు తప్పుట రైతు దోషము కాదు. అందుచేతనే పంట రుణమును బ్యాంకులు 90 దినముల లెక్కన గాక పంట కాలముల లెక్కన మొండి బాకీగా వర్గీకరించును. స్వల్పకాలపు పైరులకు రెండు పంట కాలములు, దీర్ఘకాలపు పైరులకు ఒక పంట కాలము గడువు దాటినచో అప్పు ఆ వర్గములోనికి పోవును. అంతవరకు ఊరకుండుట మాత్రము తగదు. గడువు దాటిన దినముల లెక్క నివేదికలో పడుచునే యుండును.

మండలమును కరవు మండలముగా ప్రకటించినచో వెంటనే శాఖకు పోయి వాయిదాలు మార్చుమని వ్రాతపూర్వకముగా కోరవలెను. గడువు దాటిన తరువాత కన్న ముందుగా కోరుట మేలు. రాజీకి పిలిచినప్పుడు, రాజీ మొత్తము కట్టినచో ఖాతాను ఏమని చూపుదురో ముందే అడుగవలెను. శక్తి కలిగినచో పూర్తిగా కట్టి 'క్లోజ్డ్' అనిపించుకొనుట భావి రుణములకు మంచిది. ఇదివరకే రాజీ చేసికొన్నవారు బ్యాంకు వదలుకొన్న మిగులును కట్టి, స్థితిని మార్చుమని కోరవచ్చును.

ఆ తరువాత మందు ఒక్కటే. చిన్న అప్పయినను గడువులో కట్టి ఏటేట కొత్తది చేసికొనుట. వరుసగా కొన్ని కారులు సక్రమముగా కట్టినచో పాత మచ్చ బరువు తగ్గును. అవసరము లేక నాలుగు బ్యాంకులలో ఒకేసారి దరఖాస్తు పెట్టరాదు. ఆ విచారణలన్నియు నివేదికలో కనబడును. జామీను సంతకము చేయుటకు ముందు, ఆ అప్పు మీరే తీర్చవలసి వచ్చినచో తీర్చగలరా అని ఆలోచింపుడు.

గ్రామాధికారులకు మనవి

రైతు సేవా కేంద్రములలోని సహాయకులు, రెవిన్యూ అధికారులు, సంఘ కార్యదర్శులు ఈ విషయమున చేయగల సాయము చాల కలదు. వేసవిలో విత్తన అవసరముల జాబితా వ్రాయునప్పుడే, అప్పు కోరు రైతులు తమ నివేదిక చూచుకొనిరా అని అడుగవలెను. ఆధార్, పట్టాదారు పాసు పుస్తకము, పాన్‌లలో పేరు వేరువేరుగా ఉన్నవారిని గుర్తించి సవరణకు ప్రోత్సహింపవలెను. చదువురాని రైతు చేత దరఖాస్తు వ్రాయించి, రెండవ ప్రతిపై ముద్ర పడునట్లు చూచుట చిన్న పనియే అయినను, ఆ కుటుంబమునకు ఒక కారు పెట్టుబడి దక్కును.

ఆ రైతు సంగతి

మొదట చెప్పిన మెట్ట రైతు పెట్టెలోని రశీదులు తీసికొని వచ్చెను. రెండు దరఖాస్తులు వ్రాసితిమి. తీరిన పంట రుణము నెల తిరుగకుండనే 'క్లోజ్డ్'గా మారినది. ట్రాక్టరు అప్పు అదే పేరు గల మరొక ఊరి రైతుదని తేలుటకు మరికొంత కాలము పట్టినది. ఆలస్యముగా కట్టిన కరవు సంవత్సరపు నెలలు అట్లే ఉన్నవి, ఉండవలసినవే. ఆ ఒక్క కారణమున బ్యాంకువారు అప్పు కాదనలేదు.

అయితే అప్పు చేతికి వచ్చునప్పటికి కంది విత్తు అదను దాటిపోయినది. విత్తనము నిమిత్తము ఆయన అప్పటికే వెలుపల రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకొనియుండెను. బ్యాంకు సొమ్ము ఆ మరుసటి పైరుకు గాని అక్కరకు రాలేదు. "రెండు నెలలు ముందు చూసుకొని ఉంటే ఈ వడ్డీ తప్పేది గదా సార్" అనెను. ఆయన మాటలో కల్ల లేదు.

కావున రైతు సోదరులు వేసవి దుక్కులు దున్నుకొను కాలముననే ఈ పని ముగించుకొనవలెను. సోమశిల నీటి క్రింద వరి సాగుచేయు ఆత్మకూరు ప్రాంతపు రైతులకును, వానకై ఎదురుచూచు ఉదయగిరి మెట్ట రైతులకును ఇది సమానముగా వర్తించును. అప్పు తీర్చిన దినమున రశీదు, బాకీ లేదను ధ్రువపత్రము తీసికొనుడు. రెండు నెలల తరువాత నివేదిక తెప్పించి చెల్లు పడినదో లేదో చూచుకొనుడు. పడనిచో ఆ దినమే దరఖాస్తు వ్రాయుడు. మన పెద్దలు నోటు చింపనిదే షావుకారు అరుగు దిగలేదు. ఆ జాగ్రత్తనే మనమును పాటింపవలెను.